రేడియన్‌కు మితి ఇవ్వాలా, వద్దా?

కొలబద్ద:
"ప్రమాణం ఉండి మితి (పొడవు, ద్రవ్యరాశి, కాలం లాంటి మూల రాశుల్లో దేనితో కట్టిందన్నది) లేని రాశి ఏది?" అంటే ఇంటర్ పిల్లలు ఠక్కున "కోణం" అంటారు. పరీక్షలో మార్కు పడుతుంది. లెక్కల్లో మాత్రం ఈ జవాబు కొంప ముంచుతుంది. నా వాదన ఏమిటంటే, కోణానికి సొంత మితి ఉండాలి. రేడియన్‌ను (వ్యాసార్ధమంత చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, ఒక చుట్టుకు 6.283 రేడియన్లు) 1 అని కొట్టేస్తే సెకనుకు ఒక రేడియన్, సెకనుకు ఒక చుట్టు రెండూ "సెకను విలోమం"గానే మిగులుతాయి. వాటి మధ్య 6.283 రెట్ల తేడా కనపడకుండా పోతుంది.

పిండిమరకు వాడే 5 హెచ్‌పీ (3.7 కిలోవాట్లు), 1440 ఆర్‌పీఎం మోటారునే తీసుకోండి. టార్క్ (తిప్పే ప్రభావం) కావాలంటే సామర్థ్యాన్ని కోణీయ వేగంతో భాగించాలి. 1440ని 60తో భాగించి 24 దగ్గరే ఆగిపోతే టార్క్ 154 న్యూటన్-మీటర్లు. ఆ 24ను 6.283తో గుణించి 150.8 వేస్తే 24.5. రెండిట్లోనూ ప్రమాణాలు చక్కగా సరిపోయాయి! మొదటి అంకెను నమ్మి షాఫ్ట్ చేయిస్తే వ్యాసం 1.85 రెట్లు అవుతుంది, ఎందుకంటే వ్యాసం టార్క్ ఘనమూలాన్ని బట్టి పెరుగుతుంది.

స్థిరాంకం:
కొలబద్ద గారూ, మితుల తనిఖీ ఉన్నది స్థిరాంకాల తప్పులు పట్టడానికి కాదండీ. గతిశక్తి సూత్రంలో ½ మరిచిపోయినా మితులు సరిపోతాయి. అలాగని సగానికీ మితి ఇద్దామా? కోణమంటే చాపం బై వ్యాసార్ధం, అంటే మీటర్ బై మీటర్. 1960లో 11వ తూనికలు కొలతల సర్వసభ్య సమావేశం రేడియన్, ఘనకోణ ప్రమాణమైన స్టెరేడియన్‌లను సంపూరక ప్రమాణాలంటూ విడిగా కూర్చోబెట్టింది. 1995లో 20వ సమావేశం ఆ తరగతినే ఎత్తేసి రెండిటినీ ఉత్పన్న ప్రమాణాల్లో కలిపింది. అక్కడితో తేలిపోయింది.

కొలబద్ద:
తేలలేదు. 2015లో మెట్రాలజియా అనే కొలతల శాస్త్ర పత్రికలో భౌతిక శాస్త్రవేత్తలు పీటర్ మోర్, విలియం ఫిలిప్స్ (1997 నోబెల్ గ్రహీతే) ఈ ఏర్పాటునే తప్పుబట్టారు. చాపం బై వ్యాసార్ధం అనేది కోణాన్ని కొలిచే ఒక దారి మాత్రమే. సెక్టారు వైశాల్యాన్ని రెట్టింపు చేసి వ్యాసార్ధం వర్గంతో భాగించినా అదే సంఖ్య వస్తుంది. లంబకోణంలో ఎన్నో వంతు అని చెప్పినా అది కోణమే. ఇక పదార్థ పరిమాణాన్ని కొలిచే మోల్ సంగతేమిటి? అది వట్టి లెక్కింపు, అయినా మూల ప్రమాణం హోదా ఇచ్చారు కదా.

పట్టీ_బేరింగు:
సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒక మాట. పైథాన్‌లోని ప్రమాణాలు మార్చే పింట్ లైబ్రరీ కోణాన్ని మితిరహితంగానే చూస్తుంది. 60 ఆర్‌పీఎంను హెర్ట్జ్‌లోకి మార్చమంటే 6.283 హెర్ట్జ్ అంటుంది. నిమిషానికి 60 చుట్లంటే సెకనుకు ఒక చుట్టు, కాబట్టి మామూలుగా ఎవరైనా 1 హెర్ట్జ్ అనే అనుకుంటారు. నియమం ప్రకారం చూస్తే లైబ్రరీలో తప్పు లేదు, దానికి అలాగే నేర్పారు. ఆ సంగతి వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంది, చదివేవాళ్లు తక్కువ.

స్థిరాంకం:
సరే, మితి ఇచ్చారనే అనుకుందాం. సైన్ శ్రేణిలో కోణంలోంచి కోణ ఘనంలో ఆరో వంతు తీసేయాలి. రేడియన్‌లోంచి ఘన రేడియన్‌ను ఎలా తీసేస్తారు? అంటే సైన్ వేసే ప్రతిచోటా కోణాన్ని ముందుగా ఒక రేడియన్‌తో భాగించుకోవాలి. చాపం సూత్రానికీ అదే గతి. టార్క్ "రేడియన్‌కు జౌల్" అవుతుంది, అప్పుడు వ్యాసార్ధం, బలాల సదిశా లబ్ధంలో ఒక కొత్త స్థిరాంకం దూర్చాలి. జడత్వ భ్రామకం ద్రవ్యరాశి ఇంటూ వ్యాసార్ధం వర్గం కాదు, దాన్ని రేడియన్ వర్గంతో భాగించినది. ఒక్క 6.283 కోసం పాఠ్యపుస్తకాలన్నీ తిరగరాయాలా?

కొలబద్ద:
సదిశా లబ్ధం దగ్గర ఇబ్బంది నిజమే, కాదనను. పుస్తకాలు ఇప్పుడే మార్చమనడమూ లేదు. కానీ టార్షన్ స్ప్రింగ్ చూడండి. డిగ్రీకి 0.2 న్యూటన్-మీటర్ దృఢత అంటే రేడియన్‌కు 11.46. దాన్ని 90 డిగ్రీలు మెలిపెడితే (1.571 రేడియన్లు) దాగే శక్తి ½ × 11.46 × 1.571 వర్గం, దాదాపు 14.1 జౌళ్లు. డిగ్రీలతోనే వేస్తే ½ × 0.2 × 8100, అంటే 810. కోణాన్ని మితిలో కలిపి ఉంటే ఆ 810 పక్కన "న్యూటన్-మీటర్ డిగ్రీ" అని మిగిలేది, అది జౌల్ కాదని అక్కడికక్కడే తెలిసేది. కేటలాగ్‌లో ఉత్త "0.2 న్యూటన్-మీటర్" అని ఉంటే డిగ్రీకా, రేడియన్‌కా అని అడక్కుండా ఆర్డరు పెట్టకండి.

పట్టీ_బేరింగు:
స్టెరేడియన్‌దీ ఇదే వరస. 900 ల్యూమెన్ల (మొత్తం వెలుగు) ఎల్‌ఈడీ బల్బును గోళమంతటా సగటు చేస్తే, గోళం మొత్తంలోని 12.57 స్టెరేడియన్లతో భాగించి, దాదాపు 72 క్యాండెలాలు (ఒక దిక్కున వెలుగు తీవ్రత). స్టెరేడియన్ 1 అంటూ చెరిపేస్తే ల్యూమెన్, క్యాండెలా ఒకటైపోతాయి.

స్థిరాంకం:
మితి ఇవ్వకుండానే ఈ గొడవ తగ్గించుకోవచ్చు. అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థ (ఎస్ఐ) బ్రోషర్ చెప్పేదీ ఇదే. హెర్ట్జ్‌ను ఆవర్తన ఘటనలకే వాడాలి, రేడియోధార్మికతకు బెక్వరెల్, కోణీయ వేగానికి సెకనుకు రేడియన్. మూడూ సెకను విలోమాలే అయినా పేర్లు కలపకూడదు. టార్క్‌కు న్యూటన్-మీటర్ రాయండి, జౌల్ వద్దు. రేడియన్‌ను ఆఖరి మెట్టు దాకా మోయండి. ఎక్సెల్‌లో సైన్‌కు 30 ఇస్తే −0.988 వస్తుంది, దాన్ని రేడియన్లుగా తీసుకుంటుంది కాబట్టి. కోణానికి మితి ఇచ్చినా ఆ గడికి తెలియదు. కోణాన్ని రేడియన్స్ ఫంక్షన్‌లో పెట్టి ఇవ్వాల్సిందే.

కొలబద్ద:
ఆ గడికి ప్రమాణం తెలియాలనేగా నేను మొదటి నుంచీ అడుగుతున్నది!