పాత ఇంగ్లీషు బైబిలులో తెలిసిన మాటలకే అర్థం కుదరడం లేదు: ఎలా చదవాలి?

పెన్నాతీరం, జమ్మలమడుగు:
అందరికీ నమస్కారం. మా అత్తగారి కాలం నుంచి ఇంట్లో ఒక ఇంగ్లీషు బైబిలు ఉంది. అది 1611లో ఇంగ్లండులో జేమ్స్ రాజు హయాంలో వెలువడిన అనువాదం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి రోజూ అందులో కొంత చదువుతుంది. ఎన్నడూ వినని మాట ఎదురైతే నిఘంటువు తీస్తుంది కనుక దానితో ఇబ్బంది లేదు. మార్కు సువార్త పదో అధ్యాయంలో చిన్నపిల్లల ప్రస్తావన వచ్చినచోట 'సఫర్' అని ఉండటం చూసి, 'పిల్లలను బాధపడమని ప్రభువు ఎందుకు అంటాడు?' అని అడిగింది. ఇటువంటివి ఇంకా ఏమున్నాయో, వాటిని ఎలా గుర్తుపట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత ఉపన్యాసకుడు, కడప:
అమ్మా, మీ అమ్మాయి అడగవలసిన ప్రశ్నే అడిగింది. వాడుకలోంచి పూర్తిగా పోయిన మాట పాఠకుణ్ణి ఆపి నిఘంటువు దగ్గరకు పంపుతుంది; రూపం మారకుండా అర్థం మాత్రం మారిపోయిన మాట ఏ అనుమానమూ రానివ్వదు కనుక, అసలు జాగ్రత్త పడవలసింది దానితోనే. ఆనాటి ఇంగ్లీషులో 'సఫర్' అంటే బాధపడటమే కాక, అనుమతించడం, అడ్డు చెప్పకపోవడం అని కూడా అర్థం. పిల్లలను రానివ్వండి అనే ఆ వాక్యం చెబుతోంది. 'క్విక్' అంటే బతికి ఉన్న అని అర్థం కనుక, 'క్విక్ అండ్ ది డెడ్' అన్నచోట సజీవులూ మృతులూ అని చదువుకోవాలి. 'మీట్' అంటే ఏ ఆహారమైనా సరే. ఆదికాండం మొదటి అధ్యాయంలో విత్తనాలిచ్చే మొక్కలనూ పండ్ల చెట్లనూ మనిషికి 'మీట్'గా ఇచ్చినట్లు ఉండటానికి కారణం ఇదే. 'ప్రివెంట్' లాటిన్ మూలాన్ని బట్టి ముందుగా రావడం అనే అర్థంలో వస్తుంది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి లేఖ నాలుగో అధ్యాయంలో దానికి ఆపడం అని అర్థం చెప్పుకుంటే వాక్యం పొసగదు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది 'లెట్'. ఇప్పుడు రానివ్వడానికి వాడే ఈ మాటకు ఆనాడు అడ్డగించడం అనే అర్థం కూడా ఉండేది. నిజానికి పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేరువేరు క్రియలు. కాలక్రమంలో వాటి రూపం ఒక్కటైపోయింది. రోమీయులకు రాసిన లేఖ మొదటి అధ్యాయంలో పౌలు తాను 'లెట్' అయ్యానని అంటే, తన ప్రయాణానికి ఆటంకం కలిగిందని భావం. ఈ అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. మన భారతీయ పాస్‌పోర్టు తెరిచి చూడండి, 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' అని రాష్ట్రపతి పేరిట అచ్చువేసి ఉంటుంది.

జొన్నచేను, అనంతపురం:
పై జాబితాలో 'కార్న్' కూడా చేర్చాలి. యోసేపు అన్నలు ఐగుప్తుకు వెళ్లి 'కార్న్' కొన్నారని చదివి, మా పిల్లలు మొక్కజొన్న అనుకుంటారు. మొక్కజొన్న అమెరికా ఖండపు పంట. కొలంబస్ 1492లో అక్కడికి చేరేవరకు అది ఐరోపాకే తెలియదు. పాత ఇంగ్లీషులో 'కార్న్' అంటే ధాన్యం, ముఖ్యంగా ఆ ప్రాంతంలో ఎక్కువగా పండేది. అందుకే ఇంగ్లండులో గోధుమలకూ, స్కాట్లండులో ఓట్లకూ అదే పేరు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో మన జిల్లాల గురించి రాసిన ఇంగ్లీషు పుస్తకాలు చదివేవారికి ఇంకొక మాట: వాటిలో కనిపించే 'చోళం' మన జొన్న, 'కంబు' మన సజ్జ. ఆ పేర్లు తమిళం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లాయి.

దస్తావేజు లేఖరి, కర్నూలు:
పాత కచేరీ ఉత్తరాల్లో తేదీ పక్కన 'ఇన్‌స్టంట్' అని ఉంటే ఈ నెల, 'అల్టిమో' అని ఉంటే గత నెల, 'ప్రాక్సిమో' అని ఉంటే వచ్చే నెల. పాత భూమి కాగితాలు ఉన్నవారు ఈ మూడూ గుర్తుంచుకోవాలి, లేకపోతే తేదీలు తారుమారవుతాయి.

పెన్నాతీరం, జమ్మలమడుగు:
అందరికీ కృతజ్ఞతలు. ఉపన్యాసకులు గారూ, ఏ నిఘంటువు చూడమంటారు? 'దౌ', 'యే' అనే మాటల మధ్య తేడా కూడా చెప్పగలరా?

విశ్రాంత ఉపన్యాసకుడు, కడప:
అవకాశం ఉంటే ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చూడండి. 1884 నుంచి భాగాలుగా వెలువడి 1928లో పూర్తయిన ఆ గ్రంథం, ఒక మాటకు కాలక్రమంలో వచ్చిన అర్థాలను పాతవాటితో మొదలుపెట్టి, ఉదాహరణలకు సంవత్సరాలు కూడా ఇస్తుంది. అయితే మీకు అంతకన్నా దగ్గరి సాయం ఇంట్లోనే ఉంది. తెలుగు బైబిలు పక్కన పెట్టుకొని చదివితే, 'సఫర్' ఉన్నచోట 'రానియ్యుడి' అని కనిపిస్తుంది.

'దౌ', 'దీ' అనేవి ఏకవచనం. 'యే', 'యూ' బహువచనం. ఆ అనువాదంలో ఇది మర్యాదకు సంబంధించినది కాదు, సంఖ్యకు సంబంధించినది. అందుకే దేవుణ్ణి కూడా 'దౌ' అనే పిలుస్తారు, మనం ప్రార్థనలో 'నీవు' అన్నట్లే. లూకా సువార్త ఇరవై రెండో అధ్యాయంలో ప్రభువు పేతురుతో, సాతాను మిమ్మల్ని కోరుకున్నాడు గానీ నేను నీకోసం వేడుకున్నాను అంటాడు. మొదటిచోట 'యూ', రెండోచోట 'దీ': శోధన శిష్యులందరికీ, ప్రార్థన పేతురు ఒక్కడికోసం. ఇప్పటి ఇంగ్లీషులో రెండుచోట్లా 'యూ' అనే ఉంటుంది కనుక ఈ భేదం కనబడదు. తెలుగు పాఠంలో 'మిమ్మును', 'నీకొరకు' అని స్పష్టంగా ఉంది. మీ అమ్మాయిని ఆ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి చదవమనండి.