కరోనా కాలం ప్రోనోటు దావా: లిమిటేషన్ 90 రోజులేనా?

ఆదోని జూనియర్:
ప్రోనోటు తేదీ 10.06.2018. అసలు 4 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. నోటు వెనక చెల్లు (కొంత కట్టినట్టు రాత) ఏమీ లేదు. దావా వేసింది 17.04.2023న. లిమిటేషన్, అంటే దావా వేయడానికున్న మూడేళ్ల గడువు, 10.06.2021కే నిండింది, కరోనా వల్ల గడువులు పొడిగించిన సుప్రీంకోర్టు ఆర్డరు లెక్కేసినా 01.03.2022 నుంచి 90 రోజులే, అంటే 2022 మే నెలాఖరుకే సరి అని ప్రతివాది వాదన. మా ప్లెయింట్‌లో (దావా పత్రంలో) కరోనా ఊసే లేదు. కేసు వాదనలకొచ్చింది. ఆలస్యాన్ని మన్నించమని డిలే కండోన్ పిటిషన్ వేయమని ఒకరు, ప్లెయింట్ సవరణకు వేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది దారి?

కొండారెడ్డి బురుజు:
దావా గడువులోనే ఉంది తమ్ముడూ. అవతలివాళ్లు సుప్రీంకోర్టు తనంతట తాను చేపట్టిన సుమోటో రిట్ 3/2020లో 10.01.2022 నాటి ఆర్డరును సగం చదివి ఆపేశారు. 15.03.2020 నుంచి 28.02.2022 వరకు, మొత్తం 716 రోజులు, లిమిటేషన్ లెక్కలోంచి తీసేశారు. ఈ మధ్యలో గడువు తీరినవాళ్లకు 90 రోజులు అన్న మాట నిజమే. దాని వెంటనే, మిగిలిన కాలం 90 రోజులకంటే ఎక్కువుంటే ఆ ఎక్కువే వర్తిస్తుందని కూడా ఉంది. 90 అనేది కనీసం, గరిష్ఠం కాదు.

నీ లెక్క: 15.03.2020 నుంచి 10.06.2021 వరకు రెండు తేదీలూ కలిపి 453 రోజులు మిగిలున్నాయి. వాటిని 01.03.2022 నుంచి నడిపితే 27.05.2023 వస్తుంది. నువ్వు ఏప్రిల్‌లోనే వేశావు. సుప్రీంకోర్టు ఆరిఫ్ అజీమ్ వర్సెస్ ఆప్టెక్ తీర్పులో (01.03.2024) ఇదే పద్ధతిలో లెక్క కట్టింది. 27.03.2021న తీరాల్సిన గడువుకు 1 సంవత్సరం 13 రోజులు మిగిలాయని, అది 13.03.2023 దాకా వచ్చిందని చెప్పింది. అది ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం) కేసు అయినా లెక్క ఒకటే. ఆ పేరాకు గుర్తు పెట్టి జడ్జిగారికివ్వు.

గుంతకల్లు జంక్షన్:
డిలే పిటిషన్ మాత్రం వేయొద్దు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 అప్పీళ్లకు, అర్జీలకే; దావాకు వర్తించదు. పైగా ఆలస్యమైందని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

అసలు లోపం ప్లెయింట్‌లో ఉంది. మామూలు గడువు దాటి దావా వేస్తే, ఏ కారణంతో మినహాయింపు కోరుతున్నామో ప్లెయింట్‌లోనే చూపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 6 చెబుతుంది. 'కాజ్ ఆఫ్ యాక్షన్' (దావాకు కారణం) పేరాలో ఒక్క వాక్యం రాసుంటే ఈ గొడవే లేదు. పాత ఫార్మాటులో తేదీలు మార్చి టైపు కొట్టే అలవాటు వల్ల వచ్చే తిప్పలు ఇవి. ఇప్పుడైనా అదే రూల్ ప్రొవైజో (చివరి షరతు) కింద, ప్లెయింట్‌కు విరుద్ధం కాని కారణాన్ని చెప్పుకోవడానికి కోర్టు అనుమతివ్వొచ్చు. తేదీల పట్టికతో మెమో వేసి, రాతపూర్వక వాదనల్లోనూ పెట్టు. సవరణ ఐ.ఏ. (దావా మధ్యలో వేసే అర్జీ) రెండో దారి. విచారణ మొదలయ్యాక దానికి 'తగిన శ్రద్ధ' షరతు, అంటే ముందే ఎందుకు అడగలేదన్న ప్రశ్న, అడ్డం వస్తుంది.

ఆదోని జూనియర్:
చాలా థ్యాంక్స్ అన్నా. ఇదే పార్టీకి ఇంకో నోటు ఉంది, 02.01.2017ది. దానికీ చెల్లు లేదు. దాన్నీ ఇలాగే లెక్కేయొచ్చా?

కొండారెడ్డి బురుజు:
లేదు. అది 02.01.2020కే తీరిపోయింది. 15.03.2020 నాటికే చచ్చిన గడువును ఆ ఆర్డరు బతికించదు. అదే 10.04.2017 నోటైతే 27 రోజులే మిగిలేవి. దానికి 90 రోజులు దక్కేవి.

పెన్న గట్టు:
చెక్కు కేసులున్నవాళ్లకు ఒక మాట. ఆ కరోనా ఆర్డరులో పేరుపెట్టి చెప్పింది చెక్కు బౌన్సు మీదున్న సెక్షన్ 138 (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం) ప్రొవైజో (బి), (సి)ల గురించి, అంటే 30 రోజుల్లో నోటీసు, ఆపైన 15 రోజుల్లో చెల్లింపు. చెక్కును బ్యాంకులో వేయడానికున్న 3 నెలల గడువు (ఎ) కింద వస్తుంది, అది అందులో లేదు. లాక్‌డౌన్ కదా అని చెక్కు బీరువాలో పెట్టుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతిన్నారు. అలాంటప్పుడు 138 వదిలి డబ్బు దావా చూసుకోవాలి.

క్రిమినల్ వైపు ఇంకో తేడా ఉంది. చార్జిషీటు వేయడానికి పోలీసులకున్న 60, 90 రోజుల గడువుకు ఈ పొడిగింపు వర్తించదని ఎస్. కాశి కేసులో 19.06.2020న సుప్రీంకోర్టు తేల్చింది. చార్జిషీటు రాకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు లాక్‌డౌన్‌లోనూ పుట్టింది. అయితే చార్జిషీటు పడేలోపే బెయిల్ అర్జీ వేసి ఉండాలి.