ఇథియోపియాలో అధ్యాపక ఉద్యోగం ముగించుకుని తిరిగి వచ్చేముందు ఏయే పనులు చక్కబెట్టుకోవాలి?

ప్రశ్న (అర్బామించ్, ఇథియోపియా నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో 2016లో పీహెచ్‌డీ పూర్తిచేసి, అంతకుముందు నుంచీ పనిచేస్తున్న ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీని వదిలి, 2017 అక్టోబరులో ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరాను. వచ్చే వేసవితో కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగిస్తామని విభాగాధిపతి అంటున్నారు గానీ, ఇంట్లో అందరం ఆలోచించుకుని ఇక చాలనుకున్నాము. 2024 జులైలో ప్రభుత్వం ఇక్కడి కరెన్సీ బిర్రు విలువను మార్కెట్‌కు వదిలేశాక, డాలరుకు 57 దగ్గర ఉన్న మారకం కొద్ది వారాల్లోనే 100 దాటింది. జీతంలో బిర్రుల్లో అందే భాగానికి అప్పటినుంచి విలువే లేకుండా పోయింది. అంతకంటే పెద్ద కారణం విజయవాడలో మా అమ్మానాన్నలు ఒంటరిగా ఉండటం.

ఇక్కడి పిల్లలను వదిలి రావడం నాకు తేలిక కాదు. ప్రయోగశాలలో కరెంటు పోతే కిటికీ పక్కకు బల్లలు జరుపుకుని లెక్కలు పూర్తిచేసే విద్యార్థులు వీరు. కానీ తిరిగి వచ్చాక ఈ అనుభవాన్ని మన కాలేజీలు లెక్కలోకి తీసుకుంటాయా, లేక మళ్లీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే మొదలుపెట్టాలా అన్నది నా మొదటి సందేహం. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి చదువు, ఇక్కడ దాచుకున్న డబ్బు మిగతా రెండూ. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (కాకినాడ నుంచి)

నమస్కారమండి. నేను ఇథియోపియాలోనే గోందర్‌లో పనిచేసి వచ్చాను. మీ మొదటి సందేహానికి జవాబు ఇది: లెక్కలోకి తీసుకుంటారు, కాకపోతే రుజువు చేసుకోవలసిన బాధ్యత పూర్తిగా మీదే. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల్లో, దేశంలో చేసినదైనా విదేశంలో చేసినదైనా రెగ్యులర్ సర్వీసును నియామకానికీ పదోన్నతికీ పరిగణించాలని స్పష్టంగా ఉంది. అయితే ఆ ఉద్యోగానికి అడిగిన అర్హతలు ఇక్కడి అర్హతలకు తగ్గకూడదు, హోదా సమానమైనదై ఉండాలి. కాంట్రాక్టు సర్వీసుకైతే జీతం గురించిన షరతు కూడా ఉంది కాబట్టి, మీ నియామక ఉత్తరంలో హోదా, జీతం రెండూ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంజనీరింగ్ కాలేజీల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌కు, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2019 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ, ఎనిమిదేళ్ల అనుభవం, అందులో కనీసం రెండేళ్లు పీహెచ్‌డీ తరవాతవి, ఆమోదిత పత్రికల్లో ఆరు పరిశోధన వ్యాసాలు కావాలి. ముందు మీ వ్యాసాలు ఆ జాబితాలోకి వస్తాయో లేదో సరిచూసుకోండి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఆగిపోయేది అక్కడే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. అక్కడి క్యాలెండర్ మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుందని మీకు తెలుసు. కార్యాలయంలో అలవాటు ప్రకారం అనుభవ ధ్రువపత్రం రాసిస్తే, 2017 అక్టోబరులో చేరిన మీకు అందులో 2010 అని పడుతుంది. మీ పట్టా 2016 నాటిది. రాటిఫికేషన్‌కు, అంటే అధ్యాపకుల నియామకాన్ని ఆమోదించడానికి, వచ్చిన జేఎన్‌టీయూ (సాంకేతిక విశ్వవిద్యాలయం) నిపుణుల ముందు ఆ కాగితం పెడితే, పీహెచ్‌డీ రాకముందే విదేశంలో పనిచేస్తున్నారని అర్థం వస్తుంది, అదే సమయంలో మీరు ఇక్కడి కాలేజీలో ఉన్నట్లు మరో సర్టిఫికెట్ చూపిస్తుంది. అది క్యాలెండర్ తేడా అని ఆ గదిలో నిలబడి వివరించడం కష్టం. కనుక చేరిన తేదీ, విడిచిన తేదీ గ్రెగోరియన్ క్యాలెండర్‌లో ఇంగ్లిషులో రాయించి, ఆ గుండ్రని ఊదారంగు ముద్ర పేజీపేజీకీ వేయించుకోండి. తరవాత అక్కడి విదేశాంగ శాఖలో, ఆపైన ఆడిస్ అబాబాలోని మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించుకోండి. ఇండియా వచ్చాక ఈ పని ఉత్తరాల మీద సాగదు. బోధించిన సబ్జెక్టుల జాబితా, మార్గదర్శకత్వం చేసిన ప్రాజెక్టుల జాబితా విడిగా తీసుకోవడం మరిచిపోకండి.

ఇక్కడ చేరాక మొదటి సెమిస్టర్ మనసుకు కష్టంగానే ఉంటుంది. కాలేజీలకు, కోర్సులకు గుర్తింపునిచ్చే నాక్, ఎన్‌బీఏ సంస్థల ఫైళ్లు, ఏ సబ్జెక్టు ఏ లక్ష్యాన్ని తీరుస్తుందో చూపే సీఓ–పీఓ మ్యాపింగ్ పట్టికలు, బయోమెట్రిక్ హాజరు, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, ఇవన్నీ పాఠం చెప్పే సమయాన్ని తినేస్తాయి. అయినా పాఠాన్ని మాత్రం తగ్గించుకోకండి. ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలకు పరికరాలు లేనిచోట సర్క్యూట్లు బోధపడేలా చెప్పిన అనుభవం మీది. మన గ్రామీణ కాలేజీల్లో సరిగ్గా అదే కావాలి.

జవాబు 2 (హైదరాబాద్ నుంచి)

అన్నగారూ, నేను మాల్దీవుల్లో ఒక దీవి బడిలో గణితం చెప్పి, మా బాబుతో తిరిగి వచ్చాను. పాప విషయంలో మీరు చూసుకోవలసింది స్థానికత. మన రెండు రాష్ట్రాల్లోనూ వృత్తివిద్యా కోర్సుల సీట్లలో 85 శాతం స్థానికులకే. ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఇక్కడ చదివితే చిక్కు ఉండదు. తెలంగాణలో వైద్య సీట్ల స్థానికత వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి మీరు చదివే ఉంటారు. ఇప్పుడు వస్తే పాప ఎనిమిదిలో చేరుతుంది కాబట్టి ఒక ఏడాది వెసులుబాటు కూడా ఉంటుంది. తొమ్మిది దాటాక విదేశీ బడి నుంచి వచ్చేవారికి సీబీఎస్‌ఈ అనుమతుల తతంగం వేరుగా ఉంటుంది.

తెలుగు రాయడం ఇప్పటినుంచే మొదలుపెట్టించండి. మా బాబు ధారాళంగా మాట్లాడేవాడు గానీ వత్తులు, గుణింతాల దగ్గర తడబడి క్లాసులో కుంగిపోయాడు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. విజయవాడలో నిబంధన వేరైనా, తాతయ్యకు వారానికొక ఉత్తరం రాయించండి.

జవాబు 3 (గుంటూరు నుంచి)

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. స్థిరపడే ఉద్దేశంతో వచ్చాక, ప్రవాసుల కోసం ఉండే ఎన్‌ఆర్‌ఈ ఖాతాను అలాగే ఉంచకూడదు. బ్యాంకుకు తెలియజేసి రెసిడెంట్ ఖాతాగానో, డాలర్లలో ఉంచుకోవాలంటే, తిరిగి వచ్చినవారు విదేశీ కరెన్సీ దాచుకునే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో మార్పించుకోండి. ప్రవాసులు విదేశీ కరెన్సీలో వేసే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లు గడువు దాకా కొనసాగించవచ్చు. వెనకటి ఏడు ఆర్థిక సంవత్సరాల్లో మీరు ఇండియాలో గడిపినవి మొత్తం 729 రోజులకు మించకపోతే, పన్ను విషయంలో కొంతకాలం ‘సాధారణ నివాసి కాని’ హోదా దక్కుతుంది. అప్పుడు విదేశంలో వచ్చిన ఆదాయంపై ఇక్కడ సాధారణంగా పన్ను పడదు. పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రలన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. క్యాలెండర్ సంగతి నాకు తట్టనే లేదు, రేపే కార్యాలయానికి వెళ్తాను. ఇంకొక్క సందేహం. ఇక్కడ విద్యాసంవత్సరం జులై దాకా నడుస్తుంది, అక్కడ బడులు జూన్‌లోనే తెరుస్తారు. పాప కోసం నేను మధ్యలో వదిలి రావాలా?

జవాబు 2 రాసినవారు

వద్దు అన్నగారూ. సెమిస్టర్ మధ్యలో వదిలేస్తే ఆ విద్యార్థులకూ నష్టం, మీ అనుభవ ధ్రువపత్రానికీ ఇబ్బంది. వదినగారినీ పాపనూ మే నెలాఖరుకు పంపించి, నానమ్మ ఇంటి దగ్గరి బడిలో చేర్పించండి. పాప టీసీని మాత్రం వాళ్లు బయలుదేరేలోపే, మీ పత్రాల్లాగే ధ్రువీకరణ చేయించండి.