సెలవు తీసుకున్నా తగ్గని రాత అలసట: నవల ఆపాలా, వ్యాసాలు తగ్గించాలా?

నవల సగంలో ఉంది. కొన్ని నెలలుగా ఫైల్ తెరవగానే మెడ బిగుసుకుపోతోంది, రాసిన వాక్యాన్నే చెరిపి మళ్లీ అదే రాస్తున్నాను. ముగింపు దాకా కథ తెలుసు, కాబట్టి ఆలోచనలు తట్టక ఆగిపోవడం కాదిది. డబ్బు కోసం రాసే వ్యాసాలు గడువుకి ఇచ్చేస్తున్నాను, ప్రాణం లేకుండా. ఇతరుల పుస్తకాలు చదవాలన్నా చిరాకే. అసలు టెన్షన్ అదే. నిద్ర మాత్రం బాగానే పడుతోంది.

రోజువారీ పదాల లక్ష్యం తగ్గించాను, చేత్తో రాసి చూశాను, రెండు వారాలు పూర్తిగా మానేశాను. సెలవులో హాయిగానే ఉంది. ఫైల్ తెరిచిన పూటే కథ మళ్లీ మొదటికొచ్చింది. బర్న్‌అవుట్ జబ్బు కాదంటూనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మూడు లక్షణాలూ (అలసట, పని మీద విరక్తి, పనితనం తగ్గడం) నాలో కనిపిస్తున్నాయి.

ఈ దశ దాటినవాళ్లు చెప్పండి: నవలని కొన్నాళ్లు పక్కన పెట్టడం పనిచేసిందా, వ్యాసాలు తగ్గించుకుని నవల కొనసాగించడమా?