అప్‌డేట్: నాన్న చేతి వణుకు – దోషం గ్యాస్ మాత్రది

రెండు నెలల కింద ఇక్కడ అడిగాను: నాన్నకి రెండు చేతులూ వణుకుతున్నాయి, నడక మందగించింది, మామూలు ఎమ్మారైలో ఏమీ లేదు. మెదడు భాగాల మధ్య కనెక్టివిటీ చూపే ఫంక్షనల్ ఎమ్మారై తీయిస్తే పార్కిన్సన్స్ తేలుతుందా అని.

అది అవసరమే పడలేదు. పార్కిన్సన్స్‌లో వచ్చే కనెక్టివిటీ తేడాలు రోగుల గుంపు సగటులో కనబడతాయట, ఒక్క మనిషి స్కాన్ చూసి చెప్పలేరట. పైగా తల కాస్త కదిలినా లెక్క తారుమారు. నేనేమో దాని రేట్లు కనుక్కుంటూ వారం పాడుచేశాను.

"వాడే మందులన్నీ సంచిలో వేసి పట్టుకెళ్లండి" అన్నవారికి దండం. న్యూరాలజిస్టు సంచి బోర్లించి, గ్యాస్ కోసం ఏడాదిగా వేసుకుంటున్న పాంటోప్రజోల్ క్యాప్సూల్ తీశారు. అందులో లెవోసల్పిరైడ్ కూడా ఉంది. కదలికల్ని నడిపే మెదడు రసాయనం డోపమైన్‌ని అడ్డుకునే మందు, అందుకే పార్కిన్సన్స్ లాంటి వణుకు! మెదడులో డోపమైన్ నరాల కొసల్ని చూపే ట్రోడాట్ స్కాన్‌లో రెండు వైపులా కామా ఆకారం చక్కగా ఉంది, అంటే డోపమైన్ నరాల కొసలు దెబ్బతినలేదు.

డాక్టరే ఆ క్యాప్సూల్ ఆపించారు. ఆరో వారానికి నాన్న చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. కాఫీ గ్లాసు ఇంకా కొంచెం తొణుకుతోంది. ఇలాంటివాళ్లలో కొందరికి అసలు పార్కిన్సన్స్ జబ్బే తర్వాత బయటపడొచ్చట, అందుకని ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు.