కొత్త ఈబీటీ కార్డు ఒక్కసారీ గీకలేదు, అయినా స్నాప్ డబ్బు పోయింది

స్నాప్ అంటే అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి తిండి సరుకుల కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం, అది ఈబీటీ కార్డులో జమవుతుంది. మాది చిప్ లేని, అయస్కాంత పట్టీ ఉన్న కార్డు. పోయిన నెల కూడా దొంగతనం జరగడంతో పాత నంబరు రద్దు చేయించాం. కొత్త కార్డుకి 4వ తేదీ సాయంత్రం పిన్ పెట్టాం, కార్డు యాప్‌లో వేరే రాష్ట్రం కొనుగోళ్లూ ఆన్‌లైన్ కొనుగోళ్లూ ఆపేశాం. 5న జమ పడగానే రాత్రి 12:06కి 187 డాలర్లు మా రాష్ట్రంలోనే ఏదో దుకాణంలో ఖర్చయ్యాయి. కార్డు పర్సులోనే ఉంది, ఎక్కడా గీకలేదు కాబట్టి స్కిమ్మర్ (దుకాణాల్లో కార్డు గీకే యంత్రానికి దొంగలు తగిలించే, వివరాలు కాజేసే పరికరం) కాదు. తెల్లారి చూస్తే మేం పెట్టిన పిన్ చెల్లలేదు. అనుమానమల్లా యాప్ లాగిన్ మీదే: పాస్‌వర్డ్ పాతదే, కొత్త నంబరు దానంతటదే అందులోకి చేరింది. 2024 డిసెంబరు 20 తర్వాతి దొంగతనాలకు ఫెడరల్ నిధులతో భర్తీ కూడా లేదాయె. వచ్చే జమలోపు పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా, కార్డు కూడా మళ్లీ మార్పించాలా?