పాత క్యాసెట్‌లో వెనక నుంచి ఉల్టా మాటలు వినిపిస్తున్నాయి

జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో ఉంటాను. మా ఆవిడ వాళ్ల తాతగారు టర్కీలోని జొంగుల్దక్ నుంచి ఇక్కడి బొగ్గు గనుల్లో పనికి వచ్చారు, పనివాళ్లను రప్పించుకోవడానికి జర్మనీ, టర్కీ చేసుకున్న 1961 ఒప్పందం తర్వాత. ఇంటికి ఉత్తరాల బదులు క్యాసెట్లు పంపేవారట. అలాంటిది ఒకటి దొరికింది. సి-60 (రెండు వైపులా కలిపి 60 నిమిషాలది), లేబుల్ మీద పెన్సిల్‌తో 1974.

ఎ వైపు మొదటి 4 నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు మందంగా అయిపోతుంది, వెనకాల సన్నగా ఇంకో గొంతు ఉల్టాగా నడుస్తుంది. అది బి వైపుదే అనుకుంటా. బి వైపు మాత్రం శుభ్రంగా వినిపిస్తోంది.

రెండు ప్లేయర్లలో పెట్టి చూశాను, అదే తంతు. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్, టేపును నడిపే రోలర్ స్పిరిట్‌తో తుడిచాను. టేపును రెండుసార్లు చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాను. కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచితే బుసబుస శబ్దం తప్ప మాట రాలేదు. షాపతను "టేపు పోయింది" అనేశాడు, తెరిచి కూడా చూడలేదు. నేను టార్చి వేసి చూస్తే టేపును హెడ్‌కు అదిమిపెట్టే, టేపు వెనకున్న చిన్న ఫెల్ట్ ముక్క ఒక పక్కకు వాలి ఉంది. ప్లేయర్‌లో హెడ్ వాలు సరిచేసే స్క్రూ దాని పక్కనే ఉంటుంది, అది ఇంకా తాకలేదు, భయం.

మా ఆవిడకు టర్కిష్ సగమే అర్థమవుతుంది, అర్థం చెప్పగల మామగారికి 71. అందుకే ఈ తొందర.

ఇలాంటి క్యాసెట్ బాగుచేసినవాళ్లు చెప్పండి: ముందు టేపును కొత్త డబ్బాలోకి మార్చాలా, లేక హెడ్ స్క్రూ సరిచేయాలా?